సున్నా మడులు

పత్తి పరిశోధన క్షేత్రంలో మేస్త్రికి ఒక కుర్చీ ఇచ్చారు గానీ, ఇరవై రెండేళ్ళలో అతను దాని మీద కూర్చోగా చూసినవాళ్ళు లేరు. దాని మీద అతని తువ్వాలు ఉండేది, అన్నం డబ్బా ఉండేది. అతను మాత్రం కాలికి బలపం కట్టుకున్నట్టు గట్ల వెంట తిరుగుతూనే ఉండేవాడు. ఎక్కడ కాలువ తెగిందో, ఏ సాలులో మొక్క వాలిందో ఆఫీసులో ఎవరికీ తెలియకముందే అతనికి తెలిసేది. ఇంట్లోనూ అంతే. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని, ఏదో గుర్తొచ్చినట్టు లేచి వాకిట్లోకి వెళ్ళి వచ్చేవాడు. "అన్నం తినేటప్పుడైనా ఆ కాళ్ళకు సెలవివ్వు" అని భార్య విసుక్కునేది.

ఆ ఏడు అతనికి అప్పగించిన పని ఒక యువ శాస్త్రవేత్తది. ముప్పై ఏళ్ళు నిండని ఆమెను క్షేత్రంలో అందరూ మేడమ్ అనే పిలిచేవారు. మూడేళ్ళపాటు పెద్దవాళ్ళ ప్రయోగాలకు లెక్కలు కట్టిపెట్టాక, చివరికి తనదంటూ ఆమెకు అర ఎకరం దక్కింది. ఆమె తెలుసుకోవాలనుకున్నది చూడటానికి చిన్న విషయం. ఈ నేలలో పత్తికి నత్రజని ఎంత వేస్తే దిగుబడి ఎంత పెరుగుతుంది, ఎక్కడికి వచ్చాక పెరగడం ఆగిపోతుంది? చుట్టుపక్కల రైతులకు ఈ లెక్క ఎవరూ సరిగ్గా చెప్పలేదు. వాళ్ళు ఆకు పచ్చగా లేకపోతే యూరియా బస్తా విప్పేవారు. పచ్చగా ఉంటే, ఇంకా పచ్చగా ఉండాలని ఇంకో బస్తా విప్పేవారు.

అర ఎకరాన్ని ఇరవై మడులు చేశారు. అయిదు రకాల మోతాదులు, ఒక్కో మోతాదు నాలుగేసి మడుల్లో. ఒకదానికి కొంచెం, ఒకదానికి మధ్యస్థం, అలా పెరుగుతూ చివరిదానికి రైతులు వేసేదానికన్నా ఎక్కువ. అయిదో రకానికి అసలేమీ లేదు. ఆ నాలుగు మడుల మూలల్లో పాతిన కర్రలకు తెల్లరంగు పూసి, వాటిని సున్నా మడులు అన్నారు.

ఏమీ వెయ్యని మడులెందుకని మేస్త్రి మొదటిరోజే అడిగాడు. మేడమ్ ఓపిగ్గా చెప్పింది. నేల తనంతట తాను ఎంత ఇస్తుందో ఆ నాలుగు మడులే చెప్పాలి. అది తెలియకపోతే, మనం వేసిన ఎరువు వల్ల వచ్చిందెంతో చెప్పడం ఎవరి తరమూ కాదు. మేస్త్రి తల ఊపాడు. అతనికి అర్థమైంది. అర్థం కావడం వేరు, రోజూ ఆ మడుల పక్కనుంచి నడవడం వేరు అని తర్వాత తెలిసింది.

నెలన్నర గడిచేసరికి మడులు ఒకదానికొకటి పోలిక లేకుండా పోయాయి. ఎక్కువ మోతాదు మడుల్లో మొక్క నడుము దాటి, ఆకు నలుపు తిరిగిన పచ్చదనంతో ఏపుగా ఉంది. మధ్య మడుల్లో కొమ్మ కొమ్మకూ మొగ్గ కనిపిస్తోంది. సున్నా మడుల్లో మొక్క మోకాలి దగ్గరే ఆగిపోయింది. కింది ఆకులు ముందు పసుపుబారి, తర్వాత అంచుల్లో ఎర్రబడి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి. ఉన్న నాలుగు మొగ్గలూ మాడినట్టున్నాయి.

మేస్త్రి ఒకప్పుడు రైతే. పెళ్ళయిన కొత్తల్లో కౌలుకు తీసుకున్న రెండెకరాల్లో పత్తి వేశాడు. ఆ ఏడు ఎక్కడా యూరియా దొరకలేదు. దుకాణం ముందు మూడు రోజులు వరుసలో నిలబడి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పంట కళ్ళముందే పాలిపోయింది. దంపతులిద్దరూ పొద్దున్నే వెళ్ళి ఆ మొక్కల మధ్య నిలబడి, చేసేదేమీ లేక, ఉన్న కలుపే మళ్ళీ తీసి వచ్చేవారు. ఆ ఏడాదితో సేద్యం మానేసి క్షేత్రంలో పనికి కుదిరాడు. అందుకే పాలిపోయిన ఆకు కనిపిస్తే అతనికి ఒంట్లో ఏదో పాకినట్టుండేది. సున్నా మడులు ఎదురుపడకుండా వేరే గట్టు మీదుగా వెళ్ళాలని చూశాడు. కానీ మొదటి సున్నా మడి సరిగ్గా పంపుషెడ్డు దారిలో ఉంది.

అప్పుడే మేడమ్ తల్లికి ఆపరేషన్ పడింది. ఇరవై రోజులు సెలవు పెట్టి వెళుతూ, ఆమె ఒక నోటుపుస్తకం మేస్త్రి చేతిలో పెట్టింది. వారానికోసారి ప్రతి మడిలో అయిదేసి మొక్కల ఎత్తు కొలిచి రాయాలి, నీళ్ళు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి పోకుండా చూడాలి, అంతే. "మీరున్నారన్న ధైర్యంతోనే వెళ్తున్నాను మేస్త్రి గారూ" అంది.

ఆమె వెళ్ళిన నాలుగో రోజున గోదాములో ఎలుకలు ఒక యూరియా బస్తాను కొరికేశాయి. నేలమీద పడిన గింజలను దుమ్ముతో సహా ఊడ్చి బకెట్‌లోకి ఎత్తారు. చెత్తగుంటలో పోసి రమ్మని ఎవరో అంటే, మేస్త్రి బకెట్ అందుకున్నాడు. చెత్తగుంటకూ పంపుషెడ్డు పక్కనుంచే దారి. మొదటి సున్నా మడి దగ్గర అతని కాళ్ళు ఆగాయి. ఎలాగూ పారబోసేదేగా అనుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. పిడికిలి నింపుకుని, మొదళ్ళకు తగలకుండా సాలు పక్కన చల్లి, కాలితో మట్టి కప్పాడు. రెండు నిమిషాల పని. చేతులు దులుపుకుని పది అడుగులు వేశాడో లేదో, రెండో సున్నా మడి గుర్తొచ్చింది. ఒకదానికి పెట్టి ఇంకోదాన్ని వదిలెయ్యడం అతనికి మనసొప్పలేదు. బకెట్ పట్టుకుని నాలుగూ తిరిగాడు. వారం తర్వాత బకెట్‌లో మిగిలింది కూడా నాలుగింటికీ సమానంగా పంచాడు. అన్నీ కలిపితే మడికి ఓ కిలో పడి ఉంటుంది.

రెండోసారి పెట్టిన మర్నాడు వాన మొదలై రెండు రోజులు కురిసింది. ఇక చెప్పేదేముంది. సున్నా మడులు లేచి కూర్చున్నాయి.

ఎత్తులు మాత్రం అతను దాచలేదు. కొలిచింది కొలిచినట్టే నోటుపుస్తకంలో రాశాడు. అబద్ధం రాయడం చేతకాలేదని తర్వాత భార్యతో చెప్పుకున్నాడు. ఆ అంకెలు చూసైనా మేడమ్‌కు అనుమానం వస్తే బాగుండునని అప్పట్లోనే లోపల ఒక మూల అనిపించిందట.

మేడమ్ తిరిగొచ్చి గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది. పక్క మడుల నీళ్ళు ఇటు పారాయా అని అడిగింది. లేదన్నాడు. అది నిజమే. నోటుపుస్తకం తిరగేసి, వాన పడిన తేదీల దగ్గర వేలు పెట్టి ఆగింది. ఈ నేలలో రెండేళ్ళ కిందటి దాకా పప్పుధాన్యాలు వేశారు కదా అని తనలో తానే అంది. లోపలి పొరల్లో నత్రజని నిలవ ఉండిపోయిందేమో, వాన పడి వేళ్ళు లోతుకు దిగాక మొక్క దాన్ని అందుకుందేమో. "చూశారా మేస్త్రి గారూ, నేల మనకు చెప్పకుండా ఎంత దాచుకుందో." ఆమె ముఖం వెలిగిపోతోంది. మేస్త్రి చూపు తన చెప్పుల మీదికి దిగింది. చెప్పాలంటే ఆ క్షణమే చెప్పాలి. కానీ అప్పుడే పంపు ఆగిపోయిందని ఎవరో కేకేశారు. పంపు ఆగినందుకు జీవితంలో మొదటిసారి సంతోషించి అటు పరుగెత్తాడు.

ఆ రోజు నుంచి అతని తిరుగుడు మరీ ఎక్కువైంది. అక్కర్లేని గట్లు సరిచేశాడు. బాగున్న తూములు విప్పి మళ్ళీ బిగించాడు. మేడమ్ ఎదురైతే ఏదో పని ఉన్నట్టు పక్కకు తప్పుకునేవాడు. ఆమె కనిపించకపోతే, ఎక్కడికి వెళ్ళిందో, ఎవరికి ఏం చెబుతోందోనని ఆఫీసు కిటికీ ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచేవాడు. తోటి పనివాళ్ళు, మేస్త్రికి ఏదైనా పురుగు కుట్టిందా అని నవ్వుకున్నారు.

పత్తి తీశారు. మడికొక సంచి చొప్పున కాటా మీద పెట్టి తూచారు. ఎక్కువ యూరియా తిన్న మడులు అందరినీ నిరాశపరిచాయి. మనిషెత్తు పెరిగి, ఆకులకు రసం పీల్చే పురుగుని పిలిచి విందు పెట్టి, కాయలు ఆలస్యంగా కట్టి, సగం పగలనే లేదు. పగలని కాయలు చివరి వానకు కుళ్ళాయి. పది కిలోలకు కాస్త పైన తూగాయి. మధ్య మోతాదు మడులు పదకొండు దాటాయి. సున్నా మడులు పదిన్నర.

మేడమ్ కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీసింది. గీత దాదాపు చదునుగా వచ్చింది. వేసినా వెయ్యకపోయినా ఒకటే అంటోంది ఆ గీత. నాలుగు సున్నా మడులూ ఒకే మాట చెబుతున్నాయి. ఒక్కటి తేడాగా ఉన్నా ఆమె అనుమానించేది. నాలుగూ కలిసి చెప్పాక ఎవరు కాదంటారు? డైరెక్టరు ఆ కాగితం చూసి మెచ్చుకున్నాడు. వచ్చే వారమే రైతులను పిలిచి చెప్పమన్నాడు. ఆమె ఒక పేజీ కరపత్రం అచ్చు వేయించింది. అందులో మొదటి వాక్యం ఇది: ఈ నేలల్లో పత్తికి నత్రజని ఎరువు వెయ్యకపోయినా దిగుబడి తగ్గదు.

ఆ కరపత్రం మేస్త్రి ఇంటికి బావమరిది చేతిలో వచ్చింది. అతను నాలుగెకరాల పత్తి రైతు. మనసులో ఏదీ దాచుకోడు, విన్నది వెంటనే చేసి చూడాలంటాడు. అక్క పెట్టిన భోజనం చేస్తూ ఎంతో హుషారుగా చెప్పాడు. ఇన్నాళ్ళూ వెర్రివాడిలా ఎకరానికి మూడేసి బస్తాలు పోశానని, ఈసారి ఒక్క గింజ కూడా వెయ్యనని, తన పక్కన ఉన్న మరో ఆరుగురితో కూడా మాట్లాడేశానని అన్నాడు. సమావేశానికి అందరినీ తీసుకొస్తాడట.

మేస్త్రి కంచంలో చెయ్యి కడిగేసుకుని వాకిట్లోకి వెళ్ళాడు. తిరిగి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. బావమరిది వెళ్ళిపోయాక భార్య గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఏం చేశావ్?" అంది. ఏమైంది అని అడగలేదు.

మొత్తం చెప్పాడు. బకెట్, నాలుగు మడులు, వాన, గీత. ఆమె గుమ్మంలోంచి కదల్లేదు. అంతా విని, ఇప్పుడేం చెయ్యమంటావని అతను అడిగితే మాత్రం కోపం వచ్చింది.

"యూరియా చల్లేటప్పుడు నన్ను అడిగే చల్లావా? ఇప్పుడు నన్ను అడుగుతున్నావ్. మన రెండెకరాలు ఎలా ఎండిపోయాయో నీకు గుర్తుందా లేదా? మా తమ్ముడి నాలుగెకరాలు అలా అయితే నేను చూడలేను. వాళ్ళ పక్కన ఆరుగురు కూడానట. వెళ్ళి చెప్పు."

"ఉద్యోగం పోతుందేమో."

"పోతే పోనీ. నువ్వు ఇలా వాకిలి అరగదీస్తూ ఉంటే మాత్రం నేను పిచ్చిదాన్నవుతాను."

చెప్పాలని మర్నాడు వెళ్ళాడు. మేడమ్ ఊళ్ళో లేదు. ఆ మర్నాడు వెళ్ళాడు. ఆమె గదిలో డైరెక్టరు ఉన్నాడు. మూడోరోజు ఎవరూ లేరు. తలుపు దాకా వెళ్ళి, కుర్చీలు ఎన్ని వెయ్యాలో అడిగి వచ్చేశాడు. చివరికి సమావేశం రోజు పొద్దున రానే వచ్చింది.

తూకాల షెడ్డులో నలభై కుర్చీలు వేశారు. రైతులు ఒక్కొక్కరే వచ్చి, ఒళ్ళో కరపత్రాలు పెట్టుకుని కూర్చుంటున్నారు. బావమరిది ముందు వరుసలో ఉన్నాడు, పక్కన అతను చెప్పిన ఆరుగురు. డైరెక్టరు వేరే ఊరు వెళ్ళాడు, మధ్యాహ్నానికి వస్తాడు. మేడమ్ షెడ్డు వెనకున్న చిన్న గదిలో కాగితాలు సర్దుకుంటోంది. మేస్త్రి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"మేడమ్, సున్నా మడులకు నేను యూరియా పెట్టాను."

ఆమె కాగితాల మీదనుంచి చూపు తిప్పకుండానే, "ఏ మడులకు?" అంది. తర్వాత తలెత్తింది.

"మీరు ఊరెళ్ళినప్పుడు. రెండుసార్లు. మడికి ఓ కిలో ఉంటుంది. గోదాములో ఊడ్చిన చెత్త యూరియా."

"ఎన్ని మడులకు?"

"నాలుగింటికీ."

ఆమె కుర్చీలో కూర్చుంది. బయట రైతుల మాటలు, కుర్చీలు జరిపిన చప్పుడు వినిపిస్తున్నాయి. "ఒక్కదానికే పెట్టి ఉంటే నాకు తెలిసిపోయేది" అంది చివరికి, గొంతులో తడి లేకుండా. "మిగతా మూడు మడులు పట్టించేవి. నాలుగింటికీ ఎందుకు పెట్టారు?"

"ఒక్కదానికే ఎలా పెడతాను మేడమ్? మిగతావి చూస్తూ ఉంటే."

ఆమె నోటి నుంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. నవ్వూ కాదు, ఏడుపూ కాదు. రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అతను అటో అడుగు ఇటో అడుగు వేస్తుంటే, "దయచేసి ఒక్కచోట నిలబడండి" అంది. నిలబడ్డాడు. బహుశా ఆ ఇరవై రెండేళ్ళలో అతను అంతసేపు కదలకుండా నిలబడింది అప్పుడే.

ఆమె లేచి, కాగితాల్లోంచి గీత గీసినదాన్ని తీసి పక్కన పెట్టి, మిగతావి తీసుకుని షెడ్డులోకి నడిచింది. మేస్త్రి వెనకాలే వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు.

ఆమె మొదట నమస్కారం చేసింది. తర్వాత, తడుముకోకుండా, మీ చేతుల్లో ఉన్న కరపత్రంలో మొదటి వాక్యం తప్పు అని చెప్పింది. ఏమీ వెయ్యని మడుల్లో పొరపాటున ఎరువు పడిందని, కాబట్టి ఎరువు లేకుండా ఈ నేల ఎంత ఇస్తుందో తనకు ఇప్పటికీ తెలియదని, తెలియనిది తెలిసినట్టు అచ్చు వేసినందుకు తనదే తప్పని అంది. మిగతా మాట మాత్రం నిజం. మధ్య మోతాదు దాటి వేసిన ప్రతి బస్తా వృథా. వృథాయే కాదు, ఆకును పెంచి కాయను వెనక్కి నెట్టి పంటను వానకు అప్పగిస్తుంది. ఆ మడులను ఎవరూ ముట్టుకోలేదు, వాటి తూకాలు నమ్మవచ్చు.

షెడ్డులో గుసగుసలు లేచాయి. "మరి ఇది ఇంటికి తీసుకెళ్ళి మావాళ్ళకు చూపిస్తే?" అని వెనకనుంచి ఒకాయన కాగితం ఎత్తి చూపించాడు. మొదటి వాక్యం కొట్టెయ్యమని మేడమ్ అంది. చాలామంది దగ్గర కలాలు లేవు.

మేస్త్రి జేబులోంచి ఎత్తులు రాసే కలం తీశాడు. వెనక వరుస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి దగ్గరా వంగి, కరపత్రం అందుకుని, తొడ మీద పెట్టుకుని, మొదటి వాక్యం మీద రెండు గీతలు గీసి ఇవ్వసాగాడు. కొందరు ఎందుకో తెలియక చూశారు. కొందరు వరుసలో పక్కవాడి కాగితం కూడా అందించారు. అలా ముందు వరుసకు వచ్చాడు.

బావమరిది కాగితం ఇవ్వకుండా పట్టుకున్నాడు. "బావా, నువ్వు రోజూ అక్కడే ఉంటావు కదా. ఎవడు చేశాడు ఆ పొరపాటు?"

"పొరపాటు కాదు. కావాలనే చేశాను. నేనే."

గట్టిగా అనలేదు. అయినా ముందు వరుసలో అందరూ విన్నారు. ముందు వరుస విన్నది వెనక వరుసకు చేరడానికి నిమిషం పట్టలేదు. బావమరిది చేతిలోంచి కాగితం తీసుకుని, గీతలు గీసి, మడిచి ఒళ్ళో పెట్టాడు. "నువ్వు మధ్య మోతాదు వెయ్యి. మూడు దఫాలుగా వెయ్యి. అంతకు మించొద్దు, తగ్గించొద్దు" అన్నాడు. బావమరిది తల ఊపాడు.

మధ్యాహ్నం డైరెక్టరు వచ్చి సంగతంతా విన్నాడు. మేస్త్రిని పనిలోంచి తీసేస్తానన్నాడు. మేడమ్ అడ్డుపడలేదు, అతని తరఫున ఒక్క మాటా చెప్పలేదు. ఇరవై రెండేళ్ళ పనిని చూసి డైరెక్టరే తర్వాత మెత్తబడి, ప్రయోగాల పొలంలోకి అడుగు పెట్టకూడదని చెప్పి విత్తనాల గోదాముకు మార్చాడు.

గోదాములో పని కూర్చుని చేసేది. జల్లెడ ముందు కూర్చుని, పగిలిన గింజ, పుచ్చు గింజ ఏరి పారెయ్యాలి. కిటికీ ఒక్కటే ఉంది, అది గోడ వైపు. మొదటి వారం అతనికి జైలులా అనిపించింది. గంటకోసారి లేచి, గోదాము పొడవునా నడిచి, బస్తాలు లెక్కపెట్టి, వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. మేడమ్ అటు వచ్చేది కాదు. క్యాంటీనులో ఎదురైనా పలకరించేది కాదు. ఆమె ఏడాది కష్టం తన పిడికెడు జాలికి పోయిందని అతనికి తెలుసు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. ఇంటి దగ్గర భార్య మాత్రం, ఈ మధ్య కంచం ముందు నుంచి లేవడం తగ్గిందని గమనించింది. ఆ మాట అతనితో అనలేదు.

రెండు నెలలు గడిచాక ఒకరోజు మేడమ్ గోదాములోకి వచ్చింది. చేతిలో నోటుపుస్తకం. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మొదటిసారి పెట్టింది ఏ రోజు?" అంది.

అతను తడబడ్డాడు. తేదీ గుర్తులేదు. మీరు వెళ్ళిన నాలుగో రోజు అన్నాడు. రెండోది వానకు ముందు రోజు. ఎంతెంత పెట్టారని అడిగింది. మొదటిసారి పదిహేను, పదహారు పిడికిళ్ళు, రెండోసారి కాస్త తక్కువ. అక్కడే ఉన్న విత్తనాల కాటా మీద అతని చేత యూరియా పిడికిళ్ళు తూయించింది. ఒక్కో పిడికిలీ ఒక్కోలా తూగింది. అయిదుసార్లు తూచి సగటు రాసుకుంది. మొదళ్ళకు ఎంత దూరంలో చల్లారు, మట్టి కప్పారా, అప్పటికి మొగ్గలు ఎన్ని ఉన్నాయి, అన్నీ అడిగింది. అతను గుర్తున్నవి చెప్పాడు, గుర్తులేనివి గుర్తులేవన్నాడు. అలా అన్న రెండుసార్లూ ఆమె తలెత్తి అతనివైపు చూసింది.

"యాభై అయిదు రోజులు పస్తున్న పైరు, ఆలస్యంగా పెట్టినా దాదాపు మిగతావాటిని అందుకుంది. అది నేను అడగని ప్రశ్న" అంది. "యూరియా సమయానికి దొరకని రైతు ఎన్నాళ్ళ దాకా ఆగవచ్చో, ఎప్పుడు పెడితే పంట ఇంకా నిలుస్తుందో ఎవరైనా చెప్పాలి కదా."

మేస్త్రి దుకాణం ముందు తను నిలబడ్డ మూడు రోజుల గురించి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాడు. పదో రోజునో, నలభయ్యో రోజునో ఒక్క బస్తా దొరికి ఉంటే ఏమయ్యేదో తనకు ఇప్పటికీ తెలియదన్నాడు. ఆమె నోటుపుస్తకం మూసి, సరే అని వెళ్ళిపోయింది.

తర్వాతి పంటకు ప్రయోగం మళ్ళీ వేశారు. ఈసారి ఇరవై నాలుగు మడులు. ఆలస్యంగా పెట్టేవి నాలుగు కొత్తగా చేరాయి. డైరెక్టరుతో ఆమె ఏం మాట్లాడిందో తెలియదు గానీ, మేస్త్రిని తిరిగి పొలానికి పిలిచారు. ఎరువంతా ముందే తూచి, పొట్లాలు కట్టి, మడి అంకె రాసి ఆమె బీరువాలో ఉంచింది. తాళం ఆమె దగ్గరే. ఆమె అతన్ని నమ్మిందని అతను అనుకోలేదు. నమ్మనవసరం లేకుండా ఏర్పాటు చేసుకుందని అర్థం చేసుకున్నాడు. అదీ సబబే అనుకున్నాడు.

యాభై అయిదో రోజున నాలుగు పొట్లాలు అతని చేతికిచ్చి పెట్టమంది. పెట్టాడు. పక్కనే సున్నా మడులు, ఎర్రబడిన ఆకులతో, అంతే ఆకలితో ఉన్నాయి. వాటికి పొట్లం లేదు. ఖాళీ పొట్లాలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అతని ముఖం చూసి, "కష్టంగా ఉందా?" అని అడిగింది.

"ఉంది మేడమ్."

"నాకూ ఉంటుంది. చూడకుండా ఉండలేక రోజూ వస్తాను" అంది ఆమె. అంతవరకు అతనికి ఆ సంగతి తట్టలేదు.

కాయలు పగిలే కాలానికి బావమరిది చేను ముందే తెల్లబడింది. చెప్పినట్టే మధ్య మోతాదు మూడు దఫాలుగా వేశాడు. మొక్క ఎత్తు పెరగలేదని మధ్యలో రెండుసార్లు కంగారుపడి బావ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. రెండుసార్లూ మేస్త్రి అతన్ని ఏమీ వెయ్యనివ్వకుండా వెనక్కి పంపాడు. చివరి వాన వచ్చేటప్పటికి అతని పత్తి మూడొంతులు ఇంట్లో ఉంది. ఆరుగురిలో ఇద్దరు వినలేదు. ఎప్పటిలాగే కుమ్మరించారు. వాళ్ళ పచ్చికాయలు తడిసి కుళ్ళాయి.

క్షేత్రంలో తూకాలు రెండు రోజులు సాగాయి. మేడమ్ కాటా ముల్లు చూసి చెబుతుంటే మేస్త్రి రాశాడు. మధ్య మోతాదు పదకొండున్నర. అన్నిటికన్నా ఎక్కువ వేసినవి మళ్ళీ పది దగ్గరే. ఆలస్యంగా పెట్టినవి తొమ్మిదికి పైన. సున్నా మడుల సంచులు ఎత్తేటప్పుడే తెలిసిపోయింది. ఏడు కిలోలు కూడా లేవు. మొదటి మడి ఆరున్నర, రెండోది ఏడుకు కాస్త తక్కువ, మూడోది ఆరున్నర, నాలుగోది ఆరు కిలోల ఎనిమిది వందలు.

రాసిన అంకెలను ఆమె ఒకసారి చదివి చూసుకుంది. ఏడాది ఆలస్యంగా వచ్చాయి గానీ అవి ఆమె ఎదురుచూసిన అంకెలు. ఆమె వేలు ఆ నాలుగు అంకెల మీద ఒకసారి తిరిగింది.

"వచ్చే ఏడు కూడా ఇవి ఉంటాయా మేడమ్?" అని అడిగాడు మేస్త్రి.

"ఉంటాయి. మూడేళ్ళు చూడకుండా ఏదీ రాయకూడదు."

అతను సరే అని తల ఊపి, కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. ఇంకా ఎనిమిది సంచులు తూచాల్సి ఉంది. మొదటిదాన్ని భుజానికి ఎత్తుకుని కాటా మీద పెట్టి, ముల్లు నిలిచేదాకా పక్కన ఆగాడు.